పొలమునుండి కబేళాకు: పశువుల తరలింపును గూర్చిన శాసనములు

ప్రత్తిపాడను నామమునందే ప్రత్తి యున్నది. మన నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు రైతునకు రొక్కము దెచ్చు పంటలు. పశువునకు మాత్రము మేత నీయవు. జొన్న కోసిన చొప్ప మిగులును. వరి నూర్చిన గడ్డి మిగులును. ప్రత్తి యేరిన పిదప మిగులునది పొయ్యిలోనికి బనికివచ్చు కట్టెయే, మిరపకట్టెయు నట్టిదే. కావున ఎద్దు కాడికి బనికిరాకుండ పోయిన నాడు, గేదె వట్టిపోయి మరల చూలు నిలువని నాడు, మాగాణి గ్రామములలోని రైతుకంటె మన మెట్ట రైతునకు ముందుగ చిక్కు వచ్చును. గడ్డి కొని తేవలెను, తవుడు కొని తేవలెను. పనియు లేదు, పాలును లేవు.

పూర్వము ఈ చిక్కు సంతలో దీరెడిది. రైతు ముసలి ఎద్దును దోలుకొనిపోగా, బేరగాడును తానును తుండుగుడ్డ క్రింద చేతులు గలిపి, పదిమంది యెదుట ఒక్క మాటయైన పలుకకుండ, వ్రేళ్లతోనే ధర కుదుర్చుకొనెడివారు. ఆ సొమ్ము క్రొత్త ఎద్దు వెలలో కొంత భాగమునకు సరిపోయెడిది. నేడును సంతలు జరుగుచున్నవి, బేరములును జరుగుచున్నవి. కాని అమ్మినవాడు ఇంటికి వచ్చి నెమ్మదిగ నిద్రింపలేకున్నాడు. లారీ నెచ్చటనైన ఆపిరేమో, కాగితములడిగిరేమో, తన పేరు చెప్పిరేమో యని బెదురు.

మా విద్యార్థుల తండ్రులు కొందఱు ఈ సంగతిని గూర్చి మమ్మడుగుచుండుటచేత, ఈ సంచికలో దానినే పాఠముగ వ్రాయుచున్నాము. గోవును వధించుట ధర్మమా యధర్మమా యను వాదములోనికి మేము దిగము. అది పెద్దల సభలకు దగిన విషయము. మేము చెప్పదలచినది వేఱొకటి. మనవారు "పశువుల చట్టము" అని ఏకవచనమున బిలుచుచున్నది నిజమునకు ఒక చట్టము కాదు. వధను గూర్చినది ఒకటి, ప్రయాణమును గూర్చినది వేఱొకటి, సంతను గూర్చినది మఱియొకటి. ఒకదానికై వ్రాయించుకొన్న కాగితము మఱియొకదానికి చెల్లదు. ఈ భేదము దెలియక నష్టపోయినవారిని మేమెఱుగుదుము.

అట్టివారిలో ఒక రైతు తన రెండు ముసలి దున్నపోతులను సగము సొమ్ము చేతబుచ్చుకొని, మిగిలిన సగము వారము దినములలో నిచ్చెదనన్న బేరగాని కప్పగించెను. ఆ దున్నలు సేద్యమునకు పనికిరావని పశువైద్యుడు వ్రాసిన పత్రము బేరగాని చేతనుండెను. రహదారిపై లారీ నాపిరి. అందు పదునొకండు పశువులు ఒకదాని నొకటి ఒరసికొని నిలిచియున్నవట. పశువులు సంరక్షణశాలకు బోయినవి. బేరగాడు కేసులో జిక్కెను. మన రైతునకు మిగిలిన సగము సొమ్ము రాలేదు. అతడు మా యొద్దకు వచ్చి, "మేస్టారూ, డాక్టరుగారి సంతకం ఉన్న కాగితమే గదండీ, మరి ఎందుకు ఆపారంటారు?" అని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. ఆ కాగితము ఆ పశువును వధింపవచ్చునని చెప్పినది. ప్రయాణము చేయింపవచ్చునని చెప్పలేదు. పదునొకంటిని ఒక్క లారీలో నెక్కింపవచ్చునని మొదలే చెప్పలేదు.

మొదట వధను గూర్చిన శాసనమును జూతము. ఇది కేవలము మతమునుండి పుట్టినదని యనుకొనువారు 1944 నాటి సంగతి నెఱుగవలెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. సేనలకు మాంసము కావలసి, దున్నుటకు పశువులు చాలవేమో యను భయము గలిగెను. అంతట నాటి భారత ప్రభుత్వము మూడేండ్ల లోపు పశువులను, మూడు మొదలు పది యేండ్లవరకు పనిచేయగల ఎద్దులను, అదే వయస్సున ఈనగల యావులను, చూలుతో నున్నవానిని, పాలిచ్చుచున్నవానిని వధింపరాదని కట్టుబాటు చేసెను. ఇందు భక్తి ప్రసక్తి లేదు. పంట ప్రసక్తి గలదు.

స్వాతంత్ర్యానంతరము 1948 నవంబరు 24వ తేదీని రాజ్యాంగ సభలో ఈ విషయము చర్చకు వచ్చెను. పండిత ఠాకూర్ దాస్ భార్గవ సవరణను దెచ్చెను. దాని ఫలముగ వెలసినదే రాజ్యాంగములోని 48వ అధికరణము. వ్యవసాయమును పశుపోషణను నవీన పద్ధతులపై నడుపుచు, ఆవులు, దూడలు, పాడి పశువులు, కాడి పశువులు వధింపబడకుండ రాజ్యము ప్రయత్నింపవలెనని దాని తాత్పర్యము. అయితే ఇది ఆదేశిక సూత్రములలో నున్నది. అనగా దానంతటదియే శిక్ష విధించు చట్టము కాదు. పశురక్షణ రాష్ట్రముల జాబితాలోని విషయము కాన చట్టములు చేయుట రాష్ట్రముల వంతైనది. అందుచేతనే ఒక రాష్ట్రమున నిషిద్ధమైనది పొరుగు రాష్ట్రమున నిషిద్ధము కాకున్నది. కేరళలో గోవధను నిషేధించు రాష్ట్ర చట్టము లేదు. మన లారీ బయలుదేరిన చోట నొక చట్టము, ఆగిన చోట నింకొక చట్టము.

రాష్ట్రముల చట్టములపై కసాయి వృత్తివారు సుప్రీంకోర్టునకు బోగా, 1958 ఏప్రిలు 23న ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఆర్. దాస్ తీర్పు చెప్పెను. ఆవులను దూడలను ఎన్నడును వధింపరాదనుట చెల్లును. పనిచేయుచున్న ఎద్దులను, పాలిచ్చు గేదెలను వధింపరాదనుటయు చెల్లును. కాని పనియు పాలును ఉడిగిన ఎద్దులను గేదెలను సైతము వధింపరాదనుట చెల్లదు అని ఆ తీర్పు సారాంశము.

ఇక పని యుడిగినదో లేదో యెట్లు దెలియును? దీనిపై కొన్ని రాష్ట్రములు ఒక యుక్తి పన్నినవి. బీహారు 25 ఏండ్లు నిండినగాని, ఉత్తరప్రదేశము మధ్యప్రదేశము 20 ఏండ్లు నిండినగాని ఎద్దును వధింపరాదని వయఃపరిమితి పెట్టెను. మన విద్యార్థులలో సేద్యగాండ్ర బిడ్డలు ఇది చదివి నవ్వుకొనక మానరు. ఇరువదియైదేండ్ల ఎద్దును వారెవరైన జూచిరా? సుప్రీంకోర్టు 1960లో, పదునైదేండ్లు దాటిన ఎద్దు సామాన్యముగ పనికిరాదని గుర్తించి, ఆ హద్దులను కొట్టివేసెను. వయస్సు నిర్ణయించుటయు సులభము కాదు. పశువునకు క్రింది దవడ ముందు భాగమున ఎనిమిది పళ్లు; పాలపళ్లు పోయి రెండేసి చొప్పున క్రొత్తవి వచ్చును; సుమారు అయిదేండ్లకు నోరు నిండును. ఆ పిమ్మట అరుగుదలను జూచి అంచనా వేయవలసినదే. సంతలో బేరగాడు పెదవి యెత్తి చూచునది దీనినే.

మన రాష్ట్రమున నున్నది 1977వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టము. ఇది వయస్సును గాక పనిని ప్రమాణముగ దీసికొన్నది. ఆవును, ఆవు పెయ్యను, ఆవుదూడను, అది కోడెదైనను సరే, వధించుట పూర్తిగ నిషిద్ధము. ఎద్దులను గేదెలను దున్నలను వధింపవలెనన్నచో అధికారము గల వ్యక్తి పరీక్షించి, ఇది సేద్యమునకుగాని సంతతికిగాని పాడికిగాని పనికిరాదు, ఇకముందును పనికిరాబోదు అని వ్రాతపూర్వకముగ ధ్రువీకరింపవలెను. చట్టము నతిక్రమించినవారికి ఆరు మాసముల వఱకు ఖైదు, లేక వేయి రూపాయల వఱకు జరిమానా, లేక రెండును. 2005 అక్టోబరు 26న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గుజరాతు కేసులో 1958 నాటి తీర్పును ప్రక్కకు నెట్టి, ముసలి ఎద్దు సైతము పేడ నిచ్చుచున్నంతకాలము నిరుపయోగము కాదనియు, రాష్ట్రము తలచిన ఎద్దుల వధను పూర్తిగ నిషేధింపవచ్చుననియు చెప్పెను. తలచిన నిషేధింపవచ్చుననుట వేఱు, నిషేధింపవలెననుట వేఱు. మన రాష్ట్రపు చట్టము తన పాత విభజననే నిలుపుకొన్నది.

ఇప్పుడు ప్రయాణమునకు వత్తము. మా యభిప్రాయమున పాఠమునందు ముఖ్యభాగము ఇదియే. ఏలయన వధ కబేళాలో జరుగును, మన పిల్లలు దానిని జూడరు. ప్రయాణము మన యూరి నడుమనుండియే జరుగును. మూగజీవుల పట్ల క్రౌర్యమును నివారించు 1960 నాటి చట్టము క్రింద, 1978లో పశువుల రవాణా నిబంధనలు ఏర్పడినవి. పశువు చావునకు బోవుచున్నదా, పోషణకు బోవుచున్నదా అని ఇవి యడుగవు. అన్నిటికి నొకటే మర్యాద. పశువు ప్రయాణమునకు తగియున్నదని అర్హత గల పశువైద్యుని పత్రముండవలెను. పంపువాని పేరు, పుచ్చుకొనువాని పేరు, చిరునామాలు, పశువుల సంఖ్య, ఇచ్చిన మేత నీరు వివరముగ వ్రాసిన చీటి యుండవలెను. ఎక్కించుటకు ముందు మేతయు నీళ్లును పెట్టవలెను. ఎక్కుటకు వాలుబల్ల కావలెను; కాలు జారకుండ క్రింద పీచుచాపవంటిది పరవవలెను; పశువులు ఇంజనువైపు మొగముగ నిలువవలెను; వెంట నొక మనిషి యుండవలెను. ఒక్కొక్క పశువునకు 2 చదరపు మీటర్లకు తక్కువ గాని చోటుండవలెను. ఒక లారీలో ఆఱింటికి మించి యెక్కింపరాదు.

విద్యార్థులారా, లెక్క కట్టుడు. లోపలి పొడవు 5 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు గల బండిలో ఎన్ని పశువులను దీసికొనిపోవచ్చును? వైశాల్యము 10 చదరపు మీటర్లు, అయిదు పశువులు. పొడవు 7 మీటర్లయినచో? వైశాల్యము 14; భాగహారమునకు ఏడు వచ్చును, కాని నిబంధన ప్రకారము ఆఱే. పైని చెప్పిన రైతు కథలోని పదునొకండు పశువులకు ఎంత చోటు కావలసియుండెనో మీరే చెప్పగలరు. 2016 జనవరి 1 మొదలు మోటారు వాహనముల నిబంధనలలో సైతము పశువులను దీసికొనిపోవు బండ్లలో ఒక్కొక్కదానికి వేఱుగ అరలుండవలెనని చేర్చిరి.

ఈ నిబంధనలు మంచివి. ముకుతాడు కొయ్యకు బిగించి కట్టగా తలయెత్తలేని పశువును, క్రింద బడి మిగిలినవాని కాళ్ల క్రింద నలిగిన పశువును జూచినవారెవ్వరును వీనిని నిందింపరు. మా కొఱత అంతయు వీనిని సరిగ నమలు జరుపకపోవుటయే. 1960 నాటి చట్టము మొదటి తప్పునకు విధించిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకు. 1960లో అది యొక సొమ్మే. ఆఱింటి చోట పదునొకంటి నెక్కించిన లాభము దానితో పోల్చిచూచిన, చట్టమునకు బెదరు బేరగాడెవడు?

నడిపించుకొనిపోయినచో నిబంధనలు లేవనుకొనరాదు. అయిదు కిలోమీటర్లు లేక అంతకు మించిన దూరమునకు 2001 నాటి నిబంధనలు వర్తించును. ఆవును దినమునకు 30 కిలోమీటర్లకు, గేదెను 25 కిలోమీటర్లకు మించి నడిపింపరాదు. రెండు గంటలకొకసారి నీళ్లు, నాలుగు గంటలకొకసారి మేత. ప్రొద్దు పొడువక ముందును, క్రుంకిన పిదపను నడిపింపరాదు. ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే ఎండ 30 డిగ్రీలు మించిన నడిపింపరాదనియు అందే యున్నది! గుంటూరు సీమలో మే నెలలో నలువది దాటుట అందఱెఱిగినదే. తక్కిన కాలమునను అనేక దినములలో మధ్యాహ్నమునకు ముప్పది దాటుచుండును. పగలు ఎండ యొప్పదు, రాత్రి చట్ట మొప్పదు. ఈ పట్టిక వ్రాసినవారు మన వేసవిని దృష్టియందుంచుకొనలేదని తోచుచున్నది. కుంటిదానిని, గ్రుడ్డిదానిని, బక్కచిక్కినదానిని నడిపింపరాదని మఱియొక నియమము. దయగల నియమమే, కాని సంతకు వచ్చు ముసలి పశువులలో పెక్కింటి లక్షణము లివియే గదా.

సంతను గూర్చిన మూడవ శాసనము కొలదికాలమే నడచినది. 2017 మే 23న కేంద్ర ప్రభుత్వము పశువుల సంతల నిబంధనలను ప్రకటించెను. వధకొఱకు పశువులను సంతలో అమ్మరాదు. కొన్నవాడు తాను వ్యవసాయకుడనని ఋజువు చూపి, ఆరు మాసములవఱకు మరల అమ్మనని వ్రాసియీయవలెను. రాష్ట్ర సరిహద్దునకు 25 కిలోమీటర్లలోపున సంత యుండరాదు. ఆవులు ఎద్దులే గాక గేదెలును ఒంటెలును ఇందు చేరినవి. వారము దినములకే, మే 30న మద్రాసు హైకోర్టు మధుర ధర్మాసనము దీనిని నిలిపెను. హైదరాబాదు నివాసి యొకరు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు అదే సంవత్సరము జూలై 11న ఆ నిలుపుదలను దేశమంతటికిని వర్తింపజేసెను. మఱుసటి సంవత్సరము ప్రభుత్వము వధ ప్రసక్తి లేని క్రొత్త ముసాయిదాను వెలువరించెను. ఇంతమాత్రమున సంతలో అమ్మినది నేరమని నమ్ము రైతులు మన గ్రామములలో నేటికిని ఉన్నారు. వార్త వచ్చునప్పటి వేగము, అది రద్దైన వార్తకు ఉండదు.

ఇతర దేశములలో ఈ కట్టుబాట్లకు మూలము వేఱు. ఇంగ్లండులో పశువుల మెదడు వ్యాధి ప్రబలిన పిమ్మట 1996 నుండి పుట్టిన ప్రతి దూడకును పాసుపోర్టు వ్రాయుచున్నారు. అది లేనిదే పశువు కదలరాదు. బ్రెజిలు దేశమున జి.టి.ఏ. అను చీటి లేని పశువుల బండి రహదారి నెక్కరాదు. ఆ బండ్లలో బోవునవి తఱచుగ నెల్లూరు పేరుమీద "నెలోరె" యని పిలువబడు తెల్లని పశువులు. అవి మన ఒంగోలు జాతి సంతతియే. 1960ల తొలి సంవత్సరములలో మన కరవది గ్రామము పేరుగల యొక ఆబోతు ఆ దేశమునకు జేరి, అక్కడి మందలకు మూలపురుషులలో నొకటియైనది. ఇక్కడ కాడికై పెంచిన జాతిని వారు మాంసమునకై పెంచుచున్నారు. మన దేశమునను 2019 నుండి గాలికుంటు నివారణ పథకము క్రింద పశువుల చెవులకు పండ్రెండంకెల పసుపుపచ్చ బిళ్లలు వేయుచున్నారు. ఆ బిళ్లను తమాషాకు పీకవలదని పిల్లలకు చెప్పుచున్నాము. అది పశువునకు పేరువంటిది.

చచ్చిన పశువును గూర్చి ఒక మాట చెప్పక తీరదు, ఏలయన ఇది మన పాఠశాలలోని అనేక కుటుంబముల పూర్వచరిత్రకు సంబంధించినది. తోలు తీయుట, చెప్పులు కుట్టుట, కపిలబానకు తిత్తి కుట్టుట ఈ సీమలో ఒక్క కులమువారిపై మోపిన వృత్తి. ఒంగోలు మిషనులో క్లౌ దొరగారు క్రొత్త విశ్వాసులకు చెప్పిన మూడు నియమములలో చచ్చిన పశువు మాంసము తినరాదనునది యొకటి. ఆ వృత్తి నేటికిని కొందఱ చేతనున్నది. 2016 ఆగస్టులో అమలాపురమున, విద్యుద్ఘాతముచే చచ్చిన యావు తోలును, యజమాని పిలువగా వచ్చి తీయుచున్న ఇద్దఱన్నదమ్ములను, గోవును చంపిరను అనుమానముతో కొందఱు కట్టి కొట్టిరి. వారు చేసిన పని వధ కాదు. ఏ చట్టమును వారిని దోషులనదు. దారిలో బండి నాపి కాగితములు జూచు నధికారము పోలీసు ఉద్యోగులకును, చట్టముచే నధికారము బొందినవారికిని గలదు, గుంపునకు లేదు. 2018 జూలై 17న సుప్రీంకోర్టు గుంపు దాడులను అరికట్టుటకు ప్రతి జిల్లాలో పోలీసు అధికారిని నియమింపవలెనని ఆదేశించెను. బండి యాపినవారు ఎవరో అడుగుటకు డ్రైవరునకు హక్కున్నదని మేము వ్రాయుచున్నాము గాని, రాత్రివేళ రహదారిపై నొంటరిగ నున్నవాడు అట్లడుగుట ఎంత కష్టమో మేమెఱుగకపోలేదు.

చట్టములన్నియు ఒక యెత్తు, ట్రాక్టరు ఒక యెత్తు. 2012 నాటి పశుగణనలో దేశమున 6 కోట్ల 79 లక్షల మగ గోజాతి పశువులుండెను. 2019 నాటికి అవి 4 కోట్ల 74 లక్షలకు దిగినవి. అదే కాలమున ఆడ పశువులు పెరిగినవి. రైతు ట్రాక్టరుతో దున్నుచు, పాలకొఱకు గేదెలను పెంచుచు, కోడెదూడను పోషింపలేక వదలుచున్నాడు. వధింపరాదనిన చట్టము మేత యెవరు పెట్టవలెనో చెప్పలేదు. సంరక్షణశాలలు కొన్ని యున్నవి; అవియు గడ్డి కొనవలసినవే. 48వ అధికరణము మొదటి సగమున పశుపోషణను నవీన పద్ధతిపై నడుపుమని యున్నది. ఆ సగమునకును రెండవ సగమునకు జరిగినంత చర్చ జరిగియుండిన, మన మెట్ట గ్రామములలో గడ్డి కొట్లు వెలసియుండెడివేమో.

తండ్రుల యుపయోగార్థము కాగితముల సంగతి చెప్పి ముగించెదము. పశువు నమ్మునపుడు కొన్నవాని పేరు, ఊరు, తేదీ, ధర, చెవి బిళ్ల మీది అంకెలు ఒక తెల్లకాగితముపై వ్రాసి, ఇరువురును సంతకములు చేసి, చెఱియొక ప్రతి యుంచుకొనవలెను. వ్రాయరానివారికి ఇంటిలోని విద్యార్థి వ్రాసి పెట్టవచ్చును. లారీ యెక్కింపకముందు ప్రయాణమునకు తగియున్నదను వైద్యుని పత్రము వచ్చినదా యని యడుగవలెను. పని కుడిగినదను పత్రము దానికి బదులు కాదు. బండిలో ఎన్ని పశువులున్నవో లెక్కించి చూడవలెను. ఆఱింటికి మించినచో పలుపు చేతి కీయక నిలుపుకొనవలెను. సొమ్ము పూర్తిగ ముట్టినగాని ముకుతాడు విడువవలదు.